కుబుసం అతుక్కుంది, మైనం గడ్డకట్టింది: లాగొద్దు, పిండొద్దు

ప్రశ్న: నేను నిజాంపేటలో ఉంటాను. ఐటీ ఉద్యోగం, ఎక్కువగా ఇంటి నుంచే పని. రెండేళ్లుగా ఒక మగ ఆఫ్రికన్ ఫ్యాట్ టెయిల్ గెకోను (లావు తోక ఉండే ఒక రకం బల్లి) పెంచుతున్నాను. పేరు పుట్నాలు. ఈ ఏప్రిల్‌లో కుబుసం విడిచినప్పుడు కాలివేళ్ల దగ్గర, తోక కొసన పాత తోలు అతుక్కుపోయింది. వెనక కాలి వేలు ఒకటి నల్లబడింది. దానికి తోడు మలద్వారానికి కాస్త పైన పసుపురంగు చుక్కలు వరసగా తేలాయి. ముట్టుకుంటే గట్టిగా, ఎండిన మైనంలా ఉన్నాయి. మొటిమల్లా పిండేస్తే పోతాయని ఒక ఫ్రెండ్ అన్నాడు. అమ్మిన షాపాయన కొబ్బరినూనె రాయమన్నాడు. అమ్మ పసుపు పెట్టమంటోంది. అసలు "ఇంట్లో బల్లిని పెంచడమేంట్రా, మీద పడితే ఏమవుతుందో తెలుసా" అని రోజూ గొడవ. పెట్టెలో ఇసుక పోశాను, కింద హీట్ మ్యాట్ ఉంది. గదిలో పగలంతా ఏసీ నడుస్తుంది. తిండి బాగానే తింటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు? (పేరు వద్దు, నిజాంపేట)

సమాధానం: ముందు నల్లబడిన వేలి సంగతి చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే. ఉత్తరంలో దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసి, మైనం చుక్కల గురించి ఎక్కువ కంగారుపడ్డారు. చుక్కలు ఇంకో వారం ఆగినా ఆగుతాయి, వేలు ఆగదు.

కుబుసం ఒంటి మీద నుంచి మొత్తం ఊడినా, వేళ్ల చుట్టూ మాత్రం సన్నని పట్టీగా మిగిలిపోతుంటుంది. తడిగా ఉన్నంతసేపు అది మెత్తగానే ఉంటుంది. ఆరేకొద్దీ కుంచించుకుపోయి, వేలికి దారం చుట్టి బిగించినట్టు రక్తాన్ని ఆపేస్తుంది. తర్వాతిసారి కుబుసం విడిచినప్పుడు దాని మీదే ఇంకో పొర చేరుతుంది. రెండు మూడు విడతలు ఇలా పేరుకున్నాక కానీ మన కంటికి ఆనదు. మీకు ఏప్రిల్‌లో కనిపించింది గానీ, మొదలైంది చలికాలంలోనే అయి ఉండొచ్చు.

నల్లబడి, ఎండి, గట్టిపడిన వేలికి మళ్లీ ప్రాణం రాదు. అది కొన్నాళ్లకు దానంతటదే రాలిపోతుంది, తిరిగి మొలవదు. తోక తెగితే మొలుస్తుంది, వేళ్లు మొలవవు. ఒక వేలు పోయినంత మాత్రాన గెకోకు పెద్ద లోటేం లేదు. ఫ్యాట్ టెయిల్ గోడలెక్కే జాతి కాదు, నేల మీద తిరిగేది, దాని వేళ్లకు అంటుకునే మెత్తలు కూడా ఉండవు. భయపడాల్సింది పాదం గురించి. నలుపు వేలు దాటి పాదం వైపు పాకుతోందా? వేలి మొదట్లో వాపు గానీ, ఎరుపు గానీ, తడి గానీ ఉందా? ఆ కాలు మోపకుండా ఎత్తి నడుస్తున్నాడా? వీటిలో ఒక్కటున్నా అది ఇన్‌ఫెక్షన్, యాంటీబయాటిక్ కావాలి, ఆ మోతాదు ఇంట్లో తేల్చేది కాదు. ఏవీ లేకపోయినా ఈ రెండు మూడు రోజుల్లో ఒకసారి డాక్టర్‌కి చూపించండి. తోక కొస సంగతీ ఇంతే. అక్కడ నలుపు పైకి పాకడం మొదలైతే ఎక్కడిదాకా తీసెయ్యాలో వాళ్లే నిర్ణయించాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోగా, ఇంకా నల్లబడని వేళ్ల మీది పట్టీలను మీరే తీయొచ్చు. దీనికి మందేమీ అక్కర్లేదు, కావాల్సింది తడి, ఓపిక. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ వచ్చే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి బాగా కడగండి. మూతకు నాలుగైదు చోట్ల కాల్చిన మేకుతో బెజ్జాలు పెట్టండి. అడుగున మెత్తటి పాత కాటన్ గుడ్డ పరిచి, అది పూర్తిగా తడిసి, వేళ్లు మునిగేంత నీళ్లు పొయ్యండి. నీళ్లు 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. చంటిపిల్లల స్నానానికి పెట్టే వేడి దీనికి ఎక్కువ. మణికట్టు మీద పోసుకుంటే వేడిగా తెలియకూడదు, కాస్త చల్లగానే అనిపించాలి, అదీ లెక్క. పుట్నాలుని అందులో పెట్టి మూతేసి, పదిహేను ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. డబ్బాను హీట్ మ్యాట్ మీద పెట్టొద్దు, ఎండలో అసలే పెట్టొద్దు. పక్కనే కూర్చోండి, మీటింగ్ కాల్ ఉందని వదిలేసి వెళ్లకండి.

బయటికి తీశాక ఒక ఇయర్ బడ్‌ను అవే నీళ్లలో తడిపి, వేలి మొదలు నుంచి గోరు వైపు మెల్లగా దొర్లించండి. బాగా నానితే పట్టీ అంచు లేస్తుంది. తెల్లటి, దాదాపు పారదర్శకమైన చిన్న గొట్టంలా జారి వచ్చేస్తుంది. అంచు లేవకపోతే అక్కడితో ఆపేసి మర్నాడు మళ్లీ నానబెట్టండి. పొడిగా ఉన్నప్పుడు గోటితో గిల్లి లాగడం, ట్వీజర్లతో పట్టుకుని పీకడం వద్దు. పాత తోలుతో పాటు కింద కొత్త చర్మమూ లేస్తుంది, కొన్నిసార్లు గోరూ ఊడుతుంది. మూడు రోజులు నానబెట్టినా కదలని పట్టీని డాక్టర్‌కే వదిలెయ్యండి. ఇదంతా చేసేటప్పుడు తోక పట్టుకోకండి. భయపడితే తోక వదిలేస్తాడు, ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న కొవ్వంతా ఆ తోకలోనే ఉంటుంది.

మీరు కళ్ల గురించి రాయలేదు. ఈ రాత్రి టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. మన గోడ మీది బల్లికి రెప్పలుండవు, అందుకే నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. ఫ్యాట్ టెయిల్‌కు కదిలే రెప్పలుంటాయి, వాటి లోపల కూడా కుబుసం ఇరుక్కుంటుంది. ఒక కన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటున్నా, మూతిని గోడకు రుద్దుతున్నా, పురుగును పట్టబోయి పక్కకు కొరుకుతున్నా అనుమానించాలి. తడి డబ్బాలో కూర్చోబెట్టడం వరకే మీ పని. కంటి మీదకు ఇయర్ బడ్ కూడా తీసుకెళ్లకండి, మనుషుల ఐ డ్రాప్స్ వెయ్యకండి.

ఇక చుక్కలు. పెద్దవాడైన ప్రతి మగ ఫ్యాట్ టెయిల్‌కీ మలద్వారానికి పైన ‘వి’ ఆకారంలో సన్నని రంధ్రాల వరస ఉంటుంది. ఇగ్వానాలకు (ఇంకో రకం పెద్ద బల్లులు) ఇవే తొడల కింద పొడుగ్గా ఉంటాయి. లోపలి గ్రంథుల నుంచి కొవ్వు, ప్రొటీన్ కలిసిన మైనంలాంటి పదార్థం ఊరి ఈ రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. నడిచేటప్పుడు అది నేలకు, రాళ్లకు రాసుకుని వాసన గుర్తుగా మిగులుతుంది. "ఈ చోటు నాది" అని ఇంకో మగవాడికి చెప్పుకోవడం అన్నమాట. మీ గదిలో పోటీకి ఇంకెవరూ లేరు. ఆ సంగతి పుట్నాలుకు తెలియదు కాబట్టి గ్రంథులు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. చుక్కలు ఉండటం మగవాడి లక్షణమే, రోగం కాదు. చాలామంది మొదటిసారి వీటిని చూసి కురుపులనుకుని హడలిపోతారు.

చర్మం మట్టానికి సమానంగా, లేత పసుపు రంగులో ఉన్న చుక్కల జోలికి వెళ్లక్కర్లేదు. కొన్ని గట్టిపడి, గోధుమ రంగుకు తిరిగి, చర్మం మీద నుంచి ముళ్లలా పొడుచుకొచ్చి నిలబడితే అప్పుడు మైనం పేరుకుందని అర్థం. అదీ మరీ ప్రమాదం కాదు, నానబెడితే పోతుంది. చుట్టూ ఎర్రబడినా, ఒకటి రెండు రంధ్రాలు ఉబ్బినా, నొక్కకుండానే చీములాంటిది కారినా, ఆ చోట చెయ్యి తగలగానే ఒళ్లు విదిలించుకున్నా అది ఇన్‌ఫెక్షన్. మీరు రాసినదాన్ని బట్టి మీవాడిది పేరుకున్న దశలాగే ఉంది, అయినా డాక్టర్ ఎలాగూ చూస్తారు కాబట్టి అదీ చూపించండి.

పిండటం గురించి మీ ఫ్రెండ్ చెప్పింది మాత్రం వినకండి. ఆ మైనం పైన కూర్చున్న చిన్న బిళ్ల కాదు, రంధ్రం లోతు వరకూ దిగిన కడ్డీ. ఎండినదాన్ని బలవంతంగా లాగితే లోపలి గోడ చిరిగి రక్తం వస్తుంది. ఆ చోటు మలద్వారానికి అంగుళం దూరంలో కూడా లేదు. తెరిచిన గాయం, పక్కనే మలం, కింద ఇసుక. ఇన్‌ఫెక్షన్‌కు ఇంతకంటే ఏం కావాలి?

వేళ్ల కోసం పెట్టే తడి డబ్బానే దీనికీ మందు. ఇరవై నిమిషాలు నానాక అరచేతిలో బోర్లా పడుకోబెట్టుకుని, మరో చెయ్యి ఛాతీ కింద ఆనించి ముందు భాగాన్ని కాస్త పైకెత్తండి. వెల్లకిలా తిప్పొద్దు, దానికి అది నచ్చదు, గింజుకుంటుంది. తడి ఇయర్ బడ్‌తో ఆ వరస మీద ఒకే దిక్కుగా, అటు నుంచి ఇటు, నాలుగైదుసార్లు తుడవండి. మెత్తబడిన మైనం బడ్‌కు పసుపుగా అంటుకుంటుంది. మొదటిరోజు పైపొర మాత్రమే వస్తుంది. రోజు విడిచి రోజు చేస్తే వారం పదిరోజుల్లో చాలావరకు తేలికపడుతుంది. అన్నీ ఒకే పూట శుభ్రం చెయ్యాలన్న పట్టుదల వద్దు. రంధ్రాల్లో కొంత మైనం ఉండాలి కూడా.

ఇదే చోట ఇంకో రెండు విషయాలు గమనించండి. మలద్వారానికి కిందివైపు, తోక మొదట్లో రెండు పక్కలా ఉబ్బులుంటాయి. అవి మగ అవయవాలు దాక్కునే సంచులు. రెండూ ఒకే సైజులో ఉన్నంతవరకూ దిగులు లేదు. ఒకటి రెండోదానికంటే పెద్దదై గట్టిగా తగిలితే లోపల గడ్డ కట్టిందని, అది డాక్టర్ పని. ఎర్రటి మెత్తటి కండ మలద్వారంలోంచి బయటికొచ్చి లోపలికి పోకపోతే అది అర్ధరాత్రైనా ఆగకూడని పరిస్థితి. దాన్ని ఆరనివ్వకుండా సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పి, ఇసుక అంటకుండా టిష్యూ పరిచిన డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి.

కొబ్బరినూనె, పసుపు, వేపనూనె, వాజెలిన్, డెటాల్, ఏదీ వద్దు. నూనె రాస్తే పట్టీ మెత్తబడినట్టే అనిపిస్తుంది, కానీ దానికి ఇసుక అంటుకుని రంధ్రాలు ఇంకా పూడతాయి. పసుపు గాయం మీద పొక్కు కట్టి, లోపల ఏం జరుగుతోందో కనపడనివ్వదు. రంగు కూడా పట్టేస్తుంది కాబట్టి ఎర్రబడిందా లేదా అన్నది డాక్టర్‌కీ తెలియదు. అమ్మ పెట్టింది ప్రేమతోనే అయినా ఈ ఒక్క చోట ఆపండి.

ఇప్పటిదాకా చెప్పింది ఈ నెల గండం గట్టెక్కడానికి. మీ పెట్టె ఇలాగే ఉంటే జూన్‌లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

కుబుసం ఊడేముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ఒక పల్చటి ద్రవం చేరి రెంటినీ విడదీస్తుంది. అప్పుడే గెకో రంగు వెలిసి, బూడిద పూసుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మూతి దగ్గర మొదలుపెట్టి, నోటితో పట్టి లాక్కుంటూ మొత్తం ఊడదీసి తినేస్తుంది. అంతా బాగుంటే మీకు కుబుసం కనిపించనే కనిపించదు, ఉదయానికి కొత్త రంగుతో ఉంటుంది. చుట్టూ గాలి పొడిగా ఉండి, ఒంట్లోనూ నీళ్లు చాలకపోతే ఆ మధ్య పొర ముందే ఆరిపోతుంది. ఒళ్లు పెద్దది కాబట్టి ఎలాగో ఊడుతుంది. వేళ్లు, తోక కొస, కనురెప్పలు, ఆ మైనం రంధ్రాలు, ఇవన్నీ సందుల్లాంటి చోట్లు, అక్కడే ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు గాలిలో తేమ ముప్పై శాతానికీ, అంతకన్నా కిందికీ పడిపోతుంది. పైగా మీరు పగలంతా ఏసీ వేస్తున్నారు. బాల్కనీలో ఏసీ పైపు కింద బకెట్ పెట్టి సాయంత్రానికి ఎన్ని నీళ్లు నిండాయో చూడండి. అవన్నీ మీ గది గాలిలోంచి లాగినవే. అంటే పుట్నాలు పీల్చాల్సిన తేమ బకెట్‌లో ఉంది.

"ఆఫ్రికా జంతువు కదా, ఎడారి కదా" అని ఇసుక పోసి ఉంటారు. షాపుల్లోనూ అలాగే చెప్తారు. ఫ్యాట్ టెయిల్ ఎడారిది కాదు. సెనెగల్ నుంచి కామెరూన్ దాకా పరుచుకున్న పశ్చిమాఫ్రికా గడ్డిభూములది. అక్కడా సహారా మీది నుంచి హర్మటాన్ అనే పొడిగాలి వీస్తుంది, నెలల తరబడి. కానీ గెకో ఆ గాలిలో తిరగదు. పగలంతా నేల బొరియల్లో, రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. పైన ఎంత ఎండినా అక్కడ నేల చెమ్మ ఉంటుంది. మీ పెట్టెలో ఎండ, పొడిగాలి, ఇసుక అన్నీ ఉన్నాయి, బొరియే లేదు.

ఇసుక మొత్తం తీసెయ్యండి. నర్సరీల్లో ఇటుకలా నొక్కి అమ్మే కోకోపీట్ తెచ్చి, ఉప్పు పోయేలా రెండుమూడుసార్లు నీళ్లలో కడిగి పిండండి. దానికి ఎరువు గానీ మందు గానీ కలపని ఎర్రమట్టి మూడో వంతు కలిపి, రెండు మూడు అంగుళాల మందాన పరవండి. ఒక మూల నుంచి నీళ్లు పోస్తే అడుగు పొర తడిగా, పై పొర పొడిగా ఉంటుంది. అదే కావాలి. పైపైన స్ప్రే కొడితే పది నిమిషాల్లో ఆరిపోతుంది, పైగా బోరు నీళ్లతో కొడితే అద్దం మీద తెల్లటి ఉప్పు మరకలు. తాగడానికి వాడే ఫిల్టర్ నీళ్లే పొయ్యండి.

తర్వాత బొరియ. దీనికి ఖరీదైన ప్లాస్టిక్ గుహలు ఏమీ కొనొద్దు. కుమ్మరి దగ్గర చిన్న మట్టి ముంత తెచ్చుకోండి, లోపల రంగు పూయనిది. మూతి ఇరుకుగా ఉంటే ఒక పక్క కొంచెం పగలగొట్టి, అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దండి. పక్కకు పడుకోబెట్టి సగం దాకా మట్టిలో పాతండి. లోపల తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నం మాస్ అనే నాచు గానీ, కొబ్బరిపీచు గానీ నింపండి. మట్టి ముంత నీళ్లు పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి ప్లాస్టిక్‌లా లోపల నీటి బొట్లు కారవు. వేడి వైపుకూ చల్లని వైపుకూ మధ్యలో పెట్టండి. కుబుసం రోజులొస్తే పుట్నాలు తనే వెళ్లి అందులో దూరతాడు, మీరు పెట్టక్కర్లేదు. నాచు వారానికోసారి మార్చండి, బూజు వాసనొస్తే ఆ రోజే మార్చండి. పెట్టెలో ఒక పక్క గరుకైన రాయి గానీ, బెరడున్న కొమ్మ గానీ ఉంచండి. ఒళ్లు రుద్దుకోవడానికీ, ఆ మైనం రాసుకుపోవడానికీ అదే ఆధారం. నున్నటి అద్దం పెట్టెలో రుద్దుకునే చోటే లేక చాలా మగ గెకోలకు మైనం పేరుకుంటుంది.

పై మూత జాలీ అయితే మూడింట రెండు వంతులు అక్రిలిక్ షీట్‌తో కప్పండి, మిగతాది గాలి ఆడటానికి వదలండి. ఒక డిజిటల్ తేమ మీటర్ పెట్టుకోండి. గుండ్రంగా ముల్లుతో ఉండే చవక మీటర్లు నమ్మకంగా ఉండవు. పెట్టెలో 50 నుంచి 70 శాతం ఉండాలి, ముంతలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఏసీ గాలి గానీ, కూలర్ గాలి గానీ సూటిగా తగలని చోటికి పెట్టెను జరపండి.

జులై వచ్చి వానలు పట్టాయంటే లెక్క తిరగబడుతుంది. మన గాలిలోనే తేమ డెబ్బై, ఎనభై దాటుతుంది. అప్పుడూ వేసవిలోలాగే నీళ్లు పోస్తే మట్టి ముక్కిపోతుంది, పొట్ట కింద చర్మం పుండ్లు పడుతుంది. ఆ నెలల్లో మీటర్ చూసి నీళ్లు తగ్గించండి, మూత మీది షీట్ తీసెయ్యండి.

హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్ (వేడిని హద్దు దాటనివ్వని పరికరం) ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఇవాళే తీసెయ్యండి. వేడి వైపు నేల 31, 32 డిగ్రీలు, చల్లని వైపు 25, 26 చాలు. థర్మోస్టాట్ లేని మ్యాట్ నలభై దాటిపోతుంది, పైన ఇసుకుంటే ఆ వేడి మనకు తెలియదు. పొట్ట కింద కాలిన మచ్చలు గోధుమ రంగులో, అచ్చం అతుక్కున్న కుబుసంలా ఉంటాయి. వాటిని కుబుసమనుకుని నానబెట్టి రుద్దితే ఎంత బాధో ఊహించండి. ఒకసారి పొట్ట కింద కూడా చూడండి. మే నెలలో, మీది పై అంతస్తయితే, స్లాబ్ వేడికే గది 35 దాటుతుంది కాబట్టి అసలు మ్యాట్ అవసరమే ఉండదు. అప్పుడు ఏసీ కావాలి, కాదనను. తేమ మాత్రం పెట్టె లోపల కాపాడుకోవాలి. డిసెంబర్, జనవరి రాత్రులకే మ్యాట్‌తో నిజమైన పని.

తిండి బాగా తింటున్నాడన్నారు గానీ ఏం తింటున్నాడో చెప్పలేదు. రోజూ మీల్‌వార్మ్స్ (షాపుల్లో అమ్మే పిండిపురుగులు) మాత్రమే అయితే, పొడులేవీ చల్లకపోతే, విటమిన్ ఎ తక్కువై కూడా కుబుసం అతుక్కుంటుంది, రంధ్రాలూ పూడుకుంటాయి. కీచురాళ్లు, డూబియా బొద్దింకలు (మేత కోసమే పెంచే రకం) కూడా మార్చి మార్చి పెట్టండి. పెట్టే ముందు రోజు ఆ పురుగులకు క్యారెట్, చిలగడదుంప, మునగాకు తినిపించండి. కాల్షియం పొడి మామూలే. సరీసృపాల కోసం చేసిన, విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్ పొడి ఆ డబ్బా మీద రాసిన మోతాదులోనే చల్లండి. మనుషుల విటమిన్ ఎ క్యాప్సూల్ చిదిమి వెయ్యడం వద్దు. తక్కువైతే చర్మం అతుక్కుంటుంది, ఎక్కువైతే ఉన్న చర్మమే ఊడుతుంది. వంటింట్లో దొరికిన బొద్దింకను "ఫ్రీగా వచ్చింది" అని వెయ్యకండి. మీ ఇంట్లో కాకపోయినా పక్క ఫ్లాట్‌లో మందు కొట్టించి ఉంటారు.

మందు అంటే గుర్తొచ్చింది. చీమలకు, బొద్దింకలకు గీసే సుద్దముక్క, బీరువాలోని కలరా ఉండలు, దోమల కాయిల్, శుక్రవారం సాంబ్రాణి పొగ, ఇవేవీ ఆ గదిలో వద్దు. ముఖ్యంగా ఆ సుద్ద గీత. టేబుల్ కాళ్లకు గీసి, అదే చేత్తో నీళ్ల గిన్నె మారిస్తే చాలు.

అమ్మ గొడవ సంగతి. బల్లి శాస్త్రం ప్రకారం తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి అని ఫలితాలు రాసి ఉన్నాయి గానీ, అవన్నీ పైనుంచి పడే బల్లికే. పుట్నాలు గోడెక్కలేడు, పైకప్పు మీద పాకలేడు, పడే అవకాశమే లేదు. ఇది చెప్పి చూడండి, కొందరు అమ్మలు నవ్వి ఊరుకుంటారు. విషం అంటారేమో, గెకోలకు విషం లేదు. కానీ ఒక్క విషయంలో అమ్మ జాగ్రత్తే కరెక్టు. సరీసృపాల మలంలో సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. దాని గిన్నెలు, ఆ బిర్యానీ డబ్బా వంటింటి సింక్‌లో కడగొద్దు, బాత్రూంలో వేరే మగ్గు పెట్టుకోండి. ఐదేళ్లలోపు పిల్లలు ఇంటికొస్తే చేతికివ్వకండి.

డాక్టర్ విషయంలో, మీ వీధి చివర కుక్కలనూ పిల్లులనూ చూసే క్లినిక్‌కి నేరుగా వెళ్లకుండా ముందు ఫోన్ చేసి "గెకోలను చూస్తారా" అని అడగండి. ఎగ్జాటిక్ పెట్స్, అంటే ఇలాంటి అరుదైన పెంపుడు జంతువులను చూసేవాళ్లు నగరంలో ఉన్నారు. ఎవరూ దొరక్కపోతే రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కాలేజీ ఉంది, అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు మీ పెట్టె ఫొటోలు, తేమ మీటర్ రీడింగ్, వాడుతున్న పొడుల డబ్బాలు, ఆ రోజు తాజా మలం ఒక చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి. పదే పదే కుబుసం అతుక్కునేవాటికి కడుపులో పురుగులు, చర్మం మీద సన్న పేలు కూడా కారణం కావొచ్చు, పరీక్ష చేస్తే తెలుస్తుంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద డబ్బాతో సహా బరువు చూసి, డబ్బా బరువు తీసేసి రాసుకోండి, మందు మోతాదు దాన్ని బట్టే. ఆ త్రాసు మీద మాత్రం ఒక పాలిథిన్ కవర్ పరిచి తూచండి, లేదంటే అమ్మతో ఇంకో గొడవ.

ఉదయం తొమ్మిదిలోపు అపాయింట్‌మెంట్ దొరికేలా చూసుకోండి. బెజ్జాలున్న డబ్బాలో తడి టిష్యూ వేసి, దాన్ని గుడ్డ సంచిలో పెట్టి ఒళ్లో పెట్టుకోండి. ఆటోలో అయితే ఎండ పడని వైపు కూర్చోండి. కారులో అయితే ఐదు నిమిషాలకైనా సరే, పుట్నాలుని లోపల వదిలి దిగకండి.